ముందుగది కంప్యూటర్‌కు వేసిన తాళం

కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పెట్టుకోమని నా కూతురు చెప్పిన ప్రతిసారీ నేను దాన్ని కసురుకునేదాన్ని. ఒకసారి రెండుసార్లు కాదు, ఏడాది పొడవునా అదే తంతు. అది ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆదివారం పొద్దున ఫోన్ చేసి, తిన్నావా, మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగాక మూడో మాటగా దీన్నే ఎత్తుకునేది.

“నువ్వు ఇంట్ల లేనప్పుడు ఎవరెవరు చూస్తున్నరో నీకేం తెల్సు అమ్మా?”

“చూస్తే అరిగిపోతదా? వచ్చేది మనోళ్లే గదనే. నీ పట్నం బుద్ధులు నాకు నేర్పకు.”

నాకు నోటి దురుసు ఎక్కువ. మా అమ్మ కూడా అదే అనేది. మాది పెనుబల్లి పక్కన మిరపా పత్తీ పండించుకునే ఇల్లు. అక్కడ మాట పెద్దగా అనకపోతే చేనుకు అవతలి గట్టు మీద ఉన్నవాళ్లకు వినపడదు. నర్సు చదువు చదివి, భద్రాచలం అడవి అంచున ఒక కోయ గూడేనికి ఏఎన్‌ఎంగా వచ్చాక కూడా గొంతు తగ్గలేదు. మా ఆయన కొత్తగూడెంలో బొగ్గు బావిలో పని చేస్తాడు, వారానికొకసారి వస్తాడు. ఆయన ఉన్న రోజున మా ఇంట్లో నా మాటలే వినపడతాయని ఊళ్లో వేళాకోళం చేస్తారు. చెయ్యనివ్వండి.

పాస్‌వర్డ్ అంటే నాకు మంట పుట్టడానికి ఒక కారణం ఉంది. మా గూడెంలో తలుపులకు తాళాలు లేవు. అడవికో చేనుకో పోయేవాళ్లు గుమ్మానికి అడ్డంగా ఒక కర్ర పెట్టి పోతారు. కర్ర ఉందంటే ఇంట్లో మనిషి లేదని అర్థం, లోపలికి రావద్దని కాదు. దాహమైనవాళ్లు కర్ర జరిపి, కుండలో నీళ్లు ముంచుకు తాగి, మళ్లీ కర్ర అడ్డం పెట్టి పోతారు. ఈ సంగతి తెలియక, వచ్చిన మొదటి నెలలో నేను తాళం వేసి డ్యూటీకి పోయాను. తిరిగొచ్చేసరికి పక్కింటావిడ మా అరుగు మీద కూర్చుని ఉంది.

“ఏంది వదినె, మేం దొంగలమనుకున్నవా?” అంది, మెల్లగానే.

తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి నేనూ కర్రే పెడుతున్నాను. తలుపుకే తాళం వేయని ఊళ్లో ఒక డబ్బాకు తాళం వేస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఖమ్మంలో ఉన్న పిల్లకేం తెలుస్తుంది అనుకునేదాన్ని.

ఆ పక్కింటావిడ సంగతి కూడా చెప్పాలి. నాకంటే నాలుగేళ్లు పెద్దది, మాటకు ముందు నవ్వు. మా సబ్‌సెంటర్ రిజిస్టర్‌లో వేలిముద్ర వేయడం తనకు నచ్చలేదు. “నాకు సదువు నేర్పు వదినె, నీకు ఇప్పపూలు ఏరిస్త” అని బేరం పెట్టింది. రెండు వానాకాలాలు పట్టింది. గుణింతాల దగ్గర ఆమె ఏడ్చింది, నేను అరిచాను. నేర్చుకున్నాక మాత్రం ఇక ఆగలేదు. మాత్రల అట్ట మీద రాసింది, బస్సు బోర్డు మీద రాసింది, గోడ మీద రాసింది, అన్నీ పైకి చదివేది. సంతలో పకోడీలు కొంటే పకోడీలు నా చేతిలో పోసి, పొట్లం కాగితం తను చదువుకునేది. “కండ్లవడ్డదల్లా సదువు, అప్పుడే వస్తది” అని చెప్పింది నేనే.

కంప్యూటర్ నా కూతురు ఇంటర్ చదివేటప్పుడు కొన్నది. పాతదే. ముందుగదిలోనే సరైన ప్లగ్గు ఉంది కాబట్టి అక్కడ పెట్టాము. దాని మీద ఊరి పిల్లల హాల్‌టికెట్లు తీసి ఇచ్చేదాన్ని. పొద్దున వెలిగిస్తే నేను పడుకునేదాకా అది వెలుగుతూనే ఉండేది.

ఆ వానాకాలం మాకు సికిల్ సెల్ పరీక్షలు చేయమని చెప్పారు. రక్తకణాలు గుండ్రంగా ఉండకుండా కొడవలిలా వంపు తిరిగే జబ్బు అది. అడవి పల్లెల్లో ఎక్కువ. నేను ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసి పంపాను. ఫలితాలు వచ్చాయి. సబ్‌సెంటర్‌లో కరెంటు లేదని వాటిని ఇంటికి తెచ్చుకుని, ఎవరింటికి ముందు వెళ్లి చెప్పాలో గుర్తుండడానికి తెలుగులో ఒక పట్టిక చేసుకున్నాను. పేరు, ఊరు, ఫలితం. లేనివాళ్లకు “లేదు” అని రాసి, ఉన్నవాళ్లకు ఎర్రరంగులో “ఉంది” అని పెట్టాను. జబ్బు నిండుగా ఉన్నవాళ్లు వేరు, దాన్ని ఒంట్లో మోస్తూ కూడా ఏ బాధా లేకుండా బతికేవాళ్లు వేరు. రెండింటికీ “ఉంది” అనే రాసుకున్నాను. తేడా నాకు తెలుసు కదా, ఇంకెవరికి తెలియాలి అనుకున్నాను.

ఎర్ర వరుసల్లో ఒక అమ్మాయి పేరుంది. మా వీధి చివరి ఇల్లు. డిగ్రీ చదివి, కుట్టుమిషన్ మీద ఊరందరికీ జాకెట్లు కుట్టేది. వాగు అవతలి ఊళ్లో ఆటో నడిపే అబ్బాయిని ఇష్టపడింది. రెండేళ్లు ఇరువైపులా నచ్చజెప్పుకుని ఒప్పించారు. ఆ సోమవారమే అబ్బాయి తరఫు పెద్దలు మాట ఖాయం చేసుకోవడానికి రావాలి. ఆ పిల్లకు జబ్బు లేదు, ఉత్తగా మోస్తోందంతే. సాయంత్రం వెళ్లి నిదానంగా చెప్పి, ఆ అబ్బాయిని కూడా పరీక్ష చేయించుకోమందామని అనుకున్నాను. అప్పటికి మధ్యాహ్నం మూడైంది.

అంతలో కబురు వచ్చింది. పై గూడెంలో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి, అంబులెన్సు వాగు దగ్గర ఆగిపోయింది. సంచీ భుజాన వేసుకుని, తలుపుకు కర్ర అడ్డం పెట్టి పరుగెత్తాను. పట్టిక తెర మీద అలాగే ఉంది. ఆ ఊసే నాకు గుర్తు లేదు. కాన్పు కష్టమైంది, తల్లినీ బిడ్డనూ భద్రాచలం దవాఖానాలో చేర్పించి, మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. ఇద్దరూ బతికారని సంతోషంగా ఉంది, ఒళ్లు పులిసిపోయి ఉంది, ఇన్ని నీళ్లు పోసుకుని పడుకోవాలని ఉంది.

మా అరుగు మీద ఆ అమ్మాయి కూర్చుని ఉంది. కళ్లు వాచిపోయాయి.

“నాకంటే ముందు ఊరికెట్ల తెల్సింది నర్సమ్మా?” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఆమె రక్తంలో పెద్ద రోగం ఉందట, నర్సమ్మ కంప్యూటర్‌లో ఎర్రగా రాసి ఉందట. ఆ మాట రాత్రికే వాగు దాటింది. సోమవారం రామని అవతలి నుంచి పొద్దున్నే కబురు పంపారు. అబ్బాయి ఫోన్ ఎత్తడం లేదు.

గుమ్మంలోంచి లోపలికి చూశాను. కంప్యూటర్ వెలుగుతూనే ఉంది.

ఎవరు చదివి ఉంటారో వేరే అడగక్కర్లేదు. మంచీ చెడూ ఆలోచించకుండా పక్కింట్లోకి పోయి, నోటికొచ్చినట్టు తిట్టాను. “నీకు నోరు ఆగదా? ఇంటింటికీ తిరిగి టాంటాం ఎయ్యమన్ననా? పిల్ల బతుకు ఆగం చేసినవ్ గదా!”

ఆమె చేటలో బియ్యం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. “నేను ఇంటింటికీ చెప్పలే వదినె. ఆ ఊళ్లె మా అక్క ఉన్నది గదా, దానికొక్కదానికే ఫోన్ల చెప్పిన. పిల్లకు బాగలేదని రాసున్నది, వాళ్లయినా దవాఖానాకు తీస్కపోతరని చెప్పిన.” చేట కింద పెట్టి, “నువ్వే గదా కండ్లవడ్డదల్లా సదువుమన్నవ్,” అంది. వెక్కిరింతగా కాదు. నిజంగానే అడుగుతోంది.

ఆమె మొహం చూడలేక బయటికి వచ్చేశాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అప్పుడు తెలిసింది. ఊరంతటి రక్తం నా చేతికిస్తే, ఆ ముచ్చట్లన్నీ ముందుగదిలో ఆరబెట్టి పోయింది నేను. అప్పటికప్పుడు మా డాక్టర్ గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన గట్టిగానే చీవాట్లు పెట్టారు. ఒక్క మాటకు కూడా ఎదురు చెప్పలేదు, నా జన్మలో అదే మొదటిసారి.

ఆ అమ్మాయి ఇంకా అరుగు మీదే ఉంది. నేను పక్కన కూర్చుని, “తప్పు నాదే బిడ్డా. రేపు పొద్దున్నే వాగు దాటి పోయి, నీకేం రోగం లేదని నేనే అందరికీ చెప్తా” అన్నాను.

ఆమె విసురుగా తల తిప్పింది. “మల్ల నువ్వే చెప్తవా? నిన్న నీ డబ్బా చెప్పింది, రేపు నువ్వు చెప్తవ్. నా ముచ్చట నేనెప్పుడు చెప్పాలె?”

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆమె కళ్లు తుడుచుకుంది. “ముందుగాల నాకు చెప్పు. మొత్తం చెప్పు. అర్థమైనంక నేనే పోత.”

మా ఇంట్లో పచ్చడికి చింతపండు ఒలిచినప్పుడు తీసిన గింజలు డబ్బాలో ఉన్నాయి. కొన్నింటిని గచ్చు మీద ఒక వైపు తెల్లగా వచ్చేదాకా అరగదీశాను. నల్లగింజ మంచిది, తెల్లగింజ వంకరది అని చెప్పాను. మనిషికి రెండేసి గింజలు. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. “నీ దగ్గర ఒకటి నల్లది, ఒకటి తెల్లది. అందుకే నీకేం కాదు. రెండూ తెల్లవి వచ్చినోళ్లకే జబ్బు.” ఆమె గింజలు తన ముందుకు లాక్కుంది. ఆ అబ్బాయికి రెండూ నల్లవైతే ఏమవుతుంది, అతనికీ ఒక తెల్లది ఉంటే ఏమవుతుంది, నలుగురు పిల్లలు పుడితే నలుగురికీ వస్తుందా, ఒక్కరికే అని ఖాయమా అని నన్ను గుచ్చి గుచ్చి అడిగింది. ఇద్దరి దగ్గరా తెల్లగింజ ఉంటేనే ప్రతి కాన్పుకూ నాలుగు వంతుల్లో ఒక వంతు భయం ఉంటుందని, ముందే తెలిస్తే డాక్టర్లు కడుపులో ఉండగానే చూడగలరని చెప్పాను. రెండు గంటలు కూర్చుంది. లేచేటప్పుడు ఆ గింజలు కొంగున కట్టుకుంది.

ఆమె వెళ్లాక నా కూతురికి ఫోన్ చేశాను. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. నేను ముందే చెప్పలేదా అని దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. “పోయి దాని ముందర కూసో అమ్మా, నేను చెప్పినట్టు నొక్కు,” అంది అంతే. పాస్‌వర్డ్ పెట్టించింది. నా పేరు వద్దు, నీ పుట్టినరోజు వద్దు, ఊరి పేరు వద్దు అని మూడు కొట్టేయించింది. కిటికీ బొమ్మ ఉన్న మీటా, ఎల్ మీటా కలిపి నొక్కితే తెర మూసుకుంటుందని నేర్పింది. “లేచినప్పుడల్లా నొక్కాలె. పొయ్యి మీద పాలు పొంగినా సరే, నొక్కినంకనే లేవాలె.” మరిచిపోయినా రెండు నిమిషాలకు దానంతటదే మూసుకునేలా కూడా చేయించింది. లేచి కూర్చుని, లేచి కూర్చుని పదిసార్లు నొక్కి చూసుకున్నాను. అది అటు నుంచి నవ్వింది. ఆ నవ్వు వినగానే నాకు కొంచెం ఊపిరాడింది.

తెల్లవారి ఊళ్లో పెద్ద గోలే అయింది. హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్ల, తెర మీద పాస్‌వర్డ్ అడిగే గడి చూసి వాళ్లమ్మను పిలుచుకొచ్చింది. ఆవిడ వెనుక ఇంకో నలుగురు. నేను అనుకున్న మాటే అన్నారు. “ఏంది నర్సమ్మా, ఇన్నేండ్లకు మేం దొంగలమైనమా?”

“నా సొమ్ము కోసం ఎయ్యలే తాళం,” అన్నాను. “దీంట్ల ఉన్నది మీ ముచ్చట్లు. ఎవరి ఒంట్ల ఏమున్నదో అంతా ఉన్నది. నేను అజాగ్రత్త చేస్తే ఒక పిల్లకు ఏమైందో చూసిన్రు గదా.”

బీపీ మాత్రల కోసం వచ్చిన ముసలాయన ఒకడు వెనక నుంచి మెడ సాచి, “నా ముచ్చట గూడ ఉన్నదా దాంట్లె?” అని అడిగాడు.

“ఉన్నది తాతా.”

“అన్నీ ఉన్నయా?”

“అన్నీ.”

“అట్లయితే ఇంకో తాళం గూడ ఎయ్యి,” అన్నాడు. ఆయన దగ్గర ఏం దాచుకోవాల్సింది ఉందోనని ఆడవాళ్లు పగలబడి నవ్వారు. తర్వాత ఇంక ఎవరూ ఆ పేచీ పెట్టలేదు.

ఆదివారం పొద్దున వాగులో నీళ్లు మోకాలి దాకా తగ్గాయి. ఆ అమ్మాయి, వాళ్లమ్మ, నేను బయల్దేరాము. ఊరి చివర పక్కింటావిడ కలిసింది. నాలుగు రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. “నేను గూడ వస్త,” అని అమ్మాయితో అంది. అమ్మాయి తల ఊపింది. వాగు దాటేటప్పుడు నా మోకాలు పట్టేస్తే ఆమే చెయ్యిచ్చింది. నేను పట్టుకున్నాను. “తిట్టినందుకు ఏమనుకోకు వదినె,” అన్నాను. “తిట్టకపోతే నువ్వు నువ్వెట్లయితవ్?” అంది.

అబ్బాయి ఇంటి వాకిట్లో పెద్దలు నులక మంచాల మీద కూర్చున్నారు. మేం వస్తామని వాళ్లకు ముందే కబురుంది. నేను నోరు తెరవనని అమ్మాయికి మాటిచ్చాను. అబ్బాయి తల్లి మమ్మల్ని చూడగానే మొహం తిప్పుకుంది. “రోగమున్న పిల్లను ఎట్ల తెచ్చుకుంటం? మా వంశం ఏం గావాలె?” అని గాల్లోకి అంది.

అమ్మాయి కొంగు విప్పి గింజలు నేల మీద పెట్టింది. తనది ఒకటి నల్లది, ఒకటి తెల్లది అని చూపించింది. నేను చెప్పినదానికంటే తేలిగ్గా, వాళ్ల కోయ మాటలో సగం, తెలుగులో సగం చెప్పింది. ఒక పెద్దాయన నా వైపు తిరిగి, “నర్సమ్మా, నిజమేనా?” అన్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ల బిగువున ఆపుకుని, “ఆమెనే అడుగు పెద్దయ్యా,” అన్నాను.

అప్పుడు పక్కింటావిడ లేచింది. “ముందుగాల చెప్పింది నేనే. ఒక్క మాట సదివిన, దానర్థం అడగకుంటనే చెప్పిన. తప్పు నాది, పిల్లది కాదు.” ఇంతమంది మగాళ్ల ముందు ఆమె అలా నిలబడి మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

అబ్బాయి అప్పటిదాకా ఆటోకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. వచ్చి గింజల ముందు గొంతుక్కూర్చున్నాడు. “నా దగ్గర ఏం గింజలున్నయో నాకే తెల్వదు గదా. నా రక్తం తీయి నర్సమ్మా.” మేం పరీక్షలు చేసిన రోజున అతను ఆటోతో భద్రాచలంలో ఉన్నాడు.

“నీకేందిరా? నువ్వు బాగనే ఉన్నవ్ గదా!” అంది తల్లి.

“ఆమె గూడ బాగనే ఉన్నది గదనే. నా దగ్గర తెల్లది ఉంటే నీ కాడికెల్లి గూడ వచ్చుండొచ్చు.”

అందరూ ఆ తల్లి వైపు చూశారు. ఆమె కాసేపు గుడ్లురిమింది. తర్వాత తానే వచ్చి, నా సంచీ పక్కన చతికిలబడి వేలు చాపింది. “కొడుకుది తీసినంక నాది గూడ చూడు,” అంది. మొదట ఆ ఊరికి పరీక్షకు వెళ్లినప్పుడు నన్ను చూసి అడవిలోకి పోయినవాళ్లు కూడా ఆ రోజు వరసగా కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా తీస్తూనే ఉన్నాను.

మూడు వారాలకు ఫలితాలు వచ్చాయి. ఒక్కదాన్నే కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుని చూశాను. కిటికీ మీటా ఎల్ మీటా నొక్కి, లేచి, అబ్బాయికీ అమ్మాయికీ కబురు పంపాను. సాయంత్రం ఎండ ఉండగానే వచ్చారు. వాళ్ల కాగితం తెర మీద తెరిచి, చదువుకోండి, అర్థం కానిది ఉంటే పిలవండి అని చెప్పి నేను అరుగు మీదికి వచ్చేశాను. లోపల గింజలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఇద్దరూ మెల్లగా మాట్లాడుకున్నారు.

ఆ కాగితంలో ఏముందని మీరడుగుతారు. చెప్పను. ఆ అమ్మాయి తన సంగతి మట్టుకు రాసుకోమంది, అందుకే రాశాను. ఆ అబ్బాయి రాయమనలేదు.

పక్కింటావిడ గడప దాకా వచ్చి, లోపల వాళ్లను చూసి, అడుగు వెనక్కి వేసింది. నా పక్కన కూర్చుంది. ఏముందని అడగలేదు. అడగకుండా ఉండడానికి ఆమె ఎంత అవస్థ పడుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

ఇద్దరూ బయటికి వచ్చారు. అమ్మాయి కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆమె నా వైపు రాలేదు. సరాసరి పక్కింటావిడ ముందుకు వచ్చి నిలబడింది.

“అత్తా, బుధవారం పెద్దలొస్తున్నరు. మాట ఖాయం. పో, ఊరందరికీ చెప్పు. వాగవతల మీ అక్కకు గూడ నువ్వే చెప్పు.”

ఆమె గబుక్కున లేచింది. చెప్పొచ్చా అన్నట్టు నా వైపు చూసింది.

“నన్ను చూస్తవేంది?” అన్నాను. “ముచ్చట దానిది. చెప్పమంటున్నది గదా, ఉరుకు!”